నాలుగు బైట్ల తరుగు

టెస్టింగ్ డిపార్ట్‌మెంటులో ఎక్కువ కాలం పనిచేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తప్పు ఎప్పుడూ ఎదుటి వస్తువులోనే ఉంటుందనుకుంటాడు. నాకు ఆ జబ్బు ముప్పై ఏళ్లు ఉంది. జీతం కూడా దానికే ఇచ్చేవారు కాబట్టి మందు వేసుకోవాలని ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు రిటైరై నాగోల్‌లో ఇంట్లో కూర్చున్నాను. ఆ జబ్బు వల్ల ఒక మనిషికి నేను చేసిన అన్యాయం సంగతి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పాలనిపించింది. ఎవరి పేర్లూ చెప్పను. నా పేరు చెప్పుకోవడానికి కూడా ఇందులో గొప్పేమీ లేదు.

మా కంపెనీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండేది. ఒక పక్క మందుల ఫ్యాక్టరీ వాసన, ఇంకో పక్క మసాలాల గోదాము వాసన, మధ్యలో మేము. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు తయారు చేసేవాళ్లం. మా భాషలో వాటిని డబ్బాలు అంటాం. నా పని చాలా తేలిక. డబ్బాకు ఒక పక్క నుంచి జనరేటర్ అనే యంత్రంతో ప్యాకెట్లు, అంటే సమాచారపు మూటలు, పంపాలి. రెండో పక్క నుంచి వచ్చినవాటిని పట్టుకోవాలి. పంపిందీ పట్టుకున్నదీ ఒకటే అయితే పాస్, తేడా ఉంటే ఫెయిల్. ఇంత తేలికైన పనిలో తప్పు చేయడానికి కొంచెం సీనియారిటీ ఉండాలి. అది నాకు ఉంది.

ఆ జనరేటర్‌కు రెండు పోర్టులు. ఒకటి పంపుతుంది, ఇంకొకటి పట్టుకుంటుంది. లెక్క రెండింటికీ ఒకటే కాబట్టి ఏళ్ల తరబడి నాకు ఏ చిక్కూ రాలేదు. నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు పట్టుకునే పోర్టు చెడిపోయింది. రిపేరుకు విదేశం పంపాలి. ఈలోగా ఒక పెద్ద ప్రభుత్వ సంస్థకు డబ్బాలు ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. అప్పుడు నేనే ఒక ఉపాయం చెప్పాను. అకౌంట్స్ వాళ్లు పక్కన పడేసిన ఒక పాత కంప్యూటర్ తెచ్చి, ప్యాకెట్లు పట్టే సాఫ్ట్‌వేర్ వేసి, రెండో పక్క కూర్చోబెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

మొదటి వారం వింత ఏమిటంటే, పంపినవాటికంటే పట్టుకున్నవే ఎక్కువ కనిపించాయి. మా క్వాలిటీ హెడ్ దాన్ని చూసి సంతోషించాడు. కూరగాయలవాడు తూకం అయ్యాక రెండు మిరపకాయలు పైన వేసినట్టు, దీన్ని కొసరు అన్నాడు. కొసరు వస్తే కస్టమర్‌కు అభ్యంతరం ఏముంటుందని అడిగాడు. నేను మాత్రం ఊరుకోలేదు. రెండు రోజులు తవ్వితే తేలింది, ఆ అదనపు ప్యాకెట్లు మా పాత కంప్యూటర్ తనంతట తాను పంపుతున్నవే. అప్‌డేట్లు ఉన్నాయా, ప్రింటర్ ఎక్కడుంది అని అడుగుతూనే ఉంటుంది, ఖాళీగా ఉన్న మనిషి లాగా. వాటన్నిటినీ ఆపేశాను. కొసరు పోయింది, లెక్క సరిపోయింది. దాంతో ఆ కంప్యూటర్‌ను పూర్తిగా శుద్ధి చేసేశానని నాకు గట్టి నమ్మకం కుదిరింది. తర్వాత జరిగినదానికంతా ఆ నమ్మకమే కారణం.

రెండో వారం ప్యాకెట్ల సంఖ్య కాకుండా సైజు చూశాను. అరవై నాలుగు బైట్ల ప్యాకెట్ పంపితే అరవై బైట్లే వచ్చింది. ప్రతి ప్యాకెట్‌కూ నాలుగు బైట్లు తక్కువ. నూట ఇరవై ఎనిమిది పంపితే నూట ఇరవై నాలుగు. ఎంత పంపినా నాలుగే తగ్గుతోంది. బుద్ధి ఉన్నవాడెవడైనా ఇక్కడ ఆగాలి. చెడిపోయిన వస్తువు ఇంత క్రమశిక్షణగా చెడిపోదు. ఒకసారి మూడు మింగుతుంది, ఒకసారి ముప్పై మింగుతుంది, ఒకసారి మొత్తం ప్యాకెట్టే మింగి కూర్చుంటుంది. నేను ఆగలేదు. రిపోర్టు రాయడానికి కూర్చున్నాను.

మా రిపోర్టు ఫారం కంప్యూటర్లో ఉండేది. కారణం అనే గడిలో ఏదో ఒకటి ఎంచుకోకపోతే సేవ్ కాదు. అందులో నాలుగే ఉన్నాయి: డిజైన్, విడిభాగాలు, అసెంబ్లీ, కస్టమర్ వాడకం. డిజైన్ అంటే యజమాని గారి బావమరిది. విడిభాగాలు కొనేది సాక్షాత్తూ యజమాని గారే. కస్టమర్ ఇంకా డబ్బా మొహమే చూడలేదు. ఇక మిగిలింది అసెంబ్లీ. అది నొక్కగానే ఏ టేబుల్ అని అడిగింది. రిజిస్టర్ చూస్తే ఆ డబ్బాల్లో ఎక్కువ భాగం మూడో టేబుల్ మీద తయారైనవి. మూడు అని కొట్టాను. టీ చల్లారకముందే పని అయిపోయింది.

మూడో టేబుల్ మీద సోల్డరింగ్ చేసే ఆమె నాగారం నుంచి వచ్చేది. లైనులో పన్నెండు మంది ఆడవాళ్లు, వాళ్లలో అందరికంటే పాత మనిషి. వయసులో నాకంటే చిన్నదే అయినా కంపెనీ అంతా అక్క అనడం వల్ల నేనూ అక్కా అనేవాణ్ని. కాంట్రాక్టు ఉద్యోగమే, కానీ పద్నాలుగేళ్ల కాంట్రాక్టు. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పేది ఆమె. ఆమె పెట్టిన సోల్డర్ చుక్కలు అన్నీ ఒకే సైజులో మెరుస్తూ ఉండేవి. ఇది నాకు తెలుసు. ఫారంలో ఆ సంగతి రాయడానికి గడి లేదు.

రిపోర్టు మీద మీటింగ్ జరిగింది. క్వాలిటీ హెడ్ వాళ్ల నాన్నది ఉప్పల్‌లో నగల దుకాణం. చిన్నప్పటి నుంచి ఆయన చెవిలో పడిన మాటలు వేరు. నా కాగితం చూసి, “పంపింది అరవై నాలుగు, వచ్చింది అరవై. నాలుగు తరుగు. తరుగు వచ్చిందంటే ఎవరి చేతులనో పోయినట్టే గద,” అన్నాడు.

ఆ ఒక్క మాటతో అంతా మారిపోయింది. అప్పటిదాకా అది ఒక తేడా. తేడా అంటే ఎందుకు వచ్చిందో వెతకాలి. తరుగు అనగానే ఎందుకు అనే ప్రశ్న పోయి, ఎవరు అనే ప్రశ్న వచ్చింది. బంగారం తరుగు పోయిందంటే దాన్ని ముట్టుకున్న చేతులు ఉండాలి కదా. మీటింగ్‌లో ఉన్న ఆరుగురిలో ఒక్కరూ, నాతో సహా, బైట్లు బంగారం కాదు అనలేదు. పైగా క్వాలిటీ హెడ్ ఒక సిద్ధాంతం కూడా తెచ్చాడు. కేబుల్ పెట్టే సాకెట్‌కు చేత్తో సోల్డర్ చేసే కాళ్లు నాలుగు. తగ్గే బైట్లు నాలుగు. కాలుకో బైటు చొప్పున కారిపోతోందన్నమాట. ఇంజనీరింగ్ చదివినవాళ్లం నలుగురం ఉన్నాం అక్కడ. తలలు ఊపాం.

మీటింగ్ అయ్యాక ఆయన నా ప్రింటు పట్టుకుని నేరుగా లైనులోకి వెళ్లాడు. వెనక నేనూ వెళ్లాను. ఆమెను లేచి నిలబడమన్నాడు. మిగతా పదకొండు మందీ సోల్డరింగ్ గన్నులు పక్కన పెట్టి చూస్తున్నారు. ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని కాళ్లు సరిగా అతికించడం రాదా అని అడిగాడు. ఆమె గొంతు పెంచలేదు. “సార్, నాలుగు కాళ్లు సక్కగనే ఉన్నయి. జర అద్దం పెట్టి సూడున్రి,” అంది.

భూతద్దం ఆమె టేబుల్ మీదే ఉంది. ఎవరూ తీసుకోలేదు. అద్దం పెట్టి చూడటం నా పని కాదనుకున్నాను, నాది ప్యాకెట్లు చూసే పని. ఆమె ఒకసారి నా వైపు చూసింది. నేను గోడ మీద ఉన్న భద్రతా సూచనలు చదివాను. సాయంత్రం ఆమెకు, పిలిచేదాకా రావద్దని చెప్పారు. ఆమె తన టిఫిన్ డబ్బా, కళ్లద్దాలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రిపేరు యజ్ఞం మొదలైంది. బాగున్న సాకెట్లన్నీ ఊడదీయడం, మళ్లీ అతికించడం. వేడికి కొన్ని బోర్డుల మీద రాగి గీతలు లేచిపోయాయి. అంటే బాగున్న డబ్బాలు ఇప్పుడు నిజంగా చెడిపోయాయి. బతికినవాటిని నా దగ్గరకు తెస్తే మళ్లీ అరవయ్యే. క్వాలిటీ హెడ్ ప్రతి సాయంత్రం యజమానికి రిపోర్టు పంపేవాడు, పురోగతి పరిశీలనలో ఉంది అని. కస్టమర్‌కు కూడా ఎనిమిది పేజీల వివరణ వెళ్లింది, ఫొటోలతో సహా. అందులో సాకెట్ కాళ్ల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టారు.

నా దగ్గర ఒక టెక్నీషియన్ ఉండేవాడు. ఉప్పల్ పాత ఊరి మనిషి. ఒకప్పుడు వాళ్ల తాత జొన్నలు వేసిన చోట ఇప్పుడు మెట్రో దిగిన జనం ఆటోల కోసం కొట్లాడుకుంటారు. తక్కువ మాట్లాడతాడు, అందరూ అతన్ని అన్న అనేవాళ్లు. రిపేరు మొదలైన మూడో వారంలో ఒక మధ్యాహ్నం, భోజనం అయ్యాక నేను వచ్చి కూర్చున్నాను. వరసలో తర్వాతి డబ్బా నంబర్ కొట్టాను, రన్ నొక్కాను. అరవై నాలుగు వెళ్లాయి, అరవై వచ్చాయి. ఫెయిల్. ప్రింటు తీసి సంతకం పెడుతుంటే అన్న నా భుజం మీదుగా చూశాడు.

“గా నంబరు డబ్బా ఆడ రిపేరు టేబుల్ మీద ఇప్పి పెట్టిన సార్. కేబుళ్లు కింద పడ్తయని రెండు కొసలు కలిపి జోడించిన. మీరు దేనికి ఫెయిల్ ఇచ్చిన్రు?” అన్నాడు.

వంగి చూశాను. జనరేటర్ నుంచి వచ్చిన కేబుల్, కంప్యూటర్‌కు వెళ్లే కేబుల్, మధ్యలో బొటనవేలంత జాయింటు. డబ్బా లేదు. సాకెట్ లేదు. సోల్డర్ లేదు. తరుగు మాత్రం ఉంది. నేను అక్కడ లేని డబ్బాను ఫెయిల్ చేసి సంతకం పెట్టాను.

జాయింటు ఊడదీసి, మళ్లీ పెట్టి నొక్కాను, అరవయ్యే. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ పుస్తకం తీశాను. మొదటి అధ్యాయంలోనే ఉంది. ప్రతి ప్యాకెట్ చివర నాలుగు బైట్ల తనిఖీ ముద్ర ఉంటుంది, దారిలో సరుకు చెడిపోలేదని చూసుకోవడానికి. కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు ఆ ముద్రను చూసి, సరిగ్గా ఉంటే తీసి పారేసి, మిగతాదే లోపలికి పంపుతుంది. పోస్ట్‌మ్యాన్ సంతకం చీటీ చింపుకుని కవరు మన చేతికిచ్చినట్టు. జనరేటర్ తన లెక్కలో చీటీని కలుపుకుంటుంది, కంప్యూటర్ కలుపుకోదు. ఏ బైటూ ఎక్కడా పోలేదు. నిజానికి ఆ నాలుగు బైట్లు కనపడలేదంటే, ప్యాకెట్ క్షేమంగా చేరిందని అర్థం. నేను ఆ పుస్తకాన్ని రెండో అధ్యాయం నుంచి చదివాను, మొదటిది కొత్తవాళ్ల కోసం కదా అని.

నాకు సిగ్గేసింది. మూడు వారాలుగా ఒక మనిషి నా వల్ల ఇంట్లో కూర్చుంది. ఆ సిగ్గుతోనే క్వాలిటీ హెడ్ గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. తెలివితక్కువవాడు కాదు, నేను చెప్పింది నాకంటే త్వరగా అర్థం చేసుకున్నాడు. తర్వాత తలుపు వేసి, ఎనిమిది పేజీలు కస్టమర్‌కు వెళ్లాక ఇప్పుడు చెబితే ఎలా అన్నాడు. ఎల్లుండి డబ్బాలు చూడటానికి కస్టమర్ తరఫు ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది.

“అరవై ఎనిమిది పంపు. అరవై నాలుగు వస్తది. లెక్క సరిపోతది, రిపేరు ఫలించింది అనుకుంటరు. ఎవరికీ నష్టం లేదు,” అన్నాడు.

ఆమె సంగతేమిటని అడిగాను. రిపేరు ఫలించిందంటే తప్పు సోల్డరింగ్‌దే అయినట్టు కదా, అది ఎలాగూ కాగితం మీద ఉన్నదే కదా అన్నాడు. కాగితం మీద ఉన్నది నేను రాసిందే.

ఒక నిజం ఒప్పుకుంటాను. ఆ రాత్రి ఇంటికి వెళ్తూ, అరవై ఎనిమిది పంపడం అంత చెడ్డ ఆలోచన కాదేమో అనుకున్నాను. మెట్రోలో నాగోల్ దాకా ఆ ఆలోచనకు కావలసిన కారణాలన్నీ సమకూర్చుకున్నాను. డబ్బాలు మంచివే. కస్టమర్‌కు మోసం లేదు. నాకు రిటైర్మెంటుకు రెండేళ్లే. ఇన్ని కారణాలు ఉన్నా ఒకటే అడ్డం వచ్చింది. ఆమె నా వైపు చూసినప్పుడు నేను గోడ చదివిన సంగతి.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. ఆయన కారు రింగురోడ్డు దగ్గర గంటన్నర ఇరుక్కుంది. వచ్చేసరికి బిర్యానీ చల్లారింది, ఆయన వేడెక్కాడు. మ్యాచ్ వదిలేలోగా ఇంటికి చేరాలని ఆయన ఆత్రం, సంతకం చేయించుకోవాలని మా ఆత్రం. యజమాని, క్వాలిటీ హెడ్ చెరో పక్క నిలబడ్డారు. నన్ను టెస్టు మొదలుపెట్టమన్నారు.

నేను అరవై నాలుగే కొట్టాను. అరవై వచ్చింది. క్వాలిటీ హెడ్ దగ్గాడు. నేను డబ్బాకు ఉన్న రెండు కేబుళ్లు పీకి, జాయింటుతో కలిపి, మళ్లీ నొక్కాను. అరవై. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి చెప్పాను, డబ్బాలో ఏ లోపమూ లేదు, లోపం నా కొలతలో ఉంది, సోల్డరింగ్ చేసినవాళ్ల తప్పు ఏమీ లేదు అని.

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీశాడు. డబ్బాలు మొదటి నుంచీ బాగానే ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను.

“మరి మూడు వారాల సంది ఏం రిపేరు చేసిన్రు?” అన్నాడు.

 యజమాని గారు ఏసీ పెంచమన్నారు.

ఆర్డర్ పోలేదు. ఇన్‌స్పెక్టర్ కొలత విధానం సరిచూడబడింది అని ఒక్క వాక్యం రాసి, మేము రిపేరు చేసి చెడగొట్టినవాటిని పక్కన పెట్టించి, మిగతావాటికి సంతకం చేసి వెళ్లిపోయాడు. నాకు మాత్రం మెమో వచ్చింది. తప్పుడు రిపోర్టు ఇచ్చినందుకు కాదు, కస్టమర్ ముందు అనవసర సమాచారం ఇచ్చినందుకు. సరిచేసిన రిపోర్టు రాద్దామని ఫారం తెరిస్తే కారణం గడిలో మళ్లీ ఆ నాలుగే. టెస్టు చేసినవాడి తప్పు అనేది అందులో లేదు. చేర్చమని అడిగితే సాఫ్ట్‌వేర్ వాళ్లు, అలాంటి అవసరం ఇంతవరకు ఏ కంపెనీకీ రాలేదన్నారు. చివరికి తెల్ల కాగితం మీద చేత్తో రాశాను.

ఆమెను వెనక్కి పిలవడానికి హెచ్ఆర్ ఒప్పుకుంది, కానీ కొత్తగా చేరినట్టు. పద్నాలుగేళ్ల సర్వీసు సిస్టంలో మూసేశారట, మళ్లీ తెరుచుకోదట. ఈ కబురు ఫోనులో చెప్పే ధైర్యం లేక, కాగితం జేబులో పెట్టుకుని ఆదివారం నాగారం వెళ్లాను. ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్ల చీరలో ఉంది. కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. ఉప్పల్‌లో ఒక ఫోన్ల రిపేరు దుకాణంలో పని దొరికిందని, అక్కడ ఇంకా చిన్న కాళ్లు అతికిస్తున్నానని చెప్పింది. నేను జరిగిందంతా చెప్పాను. తప్పు నాదే అక్కా అన్నాను. ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

“నా పేరు రాసిన్రా సార్ గా రిపోర్టుల?” అని అడిగింది.

పేరు రాయలేదు, మూడో టేబుల్ అని మాత్రమే రాశానన్నాను. ఆ మాట నా నోటి నుంచి వస్తుంటేనే అది ఎంత చిన్న మాటో నాకు తెలిసింది.

“టేబుల్ మీద కూసునేది నేనే గద సార్,” అంది.

నేను కాగితం తీసి చదవబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “నాకెందుకు సార్ సదువుడు? నా చెయ్యి సంగతి నాకెరుకనే. నన్ను లేపి నిలవెట్టింది పదకొండు మంది ముంగట. ఆళ్ల ముంగట సదువున్రి. అప్పుడొస్త,” అంది. సర్వీసు తేదీ సంగతి కూడా అడిగింది. ప్రయత్నిస్తానన్నాను. ప్రయత్నించాను కూడా. నేను రిటైరైన రోజుకు కూడా ఆమె కార్డు మీద కొత్త తేదీయే ఉంది.

సోమవారం ఉదయం లైనులో నిలబడ్డాను. క్వాలిటీ హెడ్ ఆ పూట బయట పని పెట్టుకున్నాడు. ఆమె గుమ్మం దగ్గరే సంచి పట్టుకుని నిలబడింది, లోపలికి రాలేదు. ముప్పై ఏళ్లలో ఎన్నో రిపోర్టులు చదివాను కానీ నా తప్పు నేనే చదవడం ఆ రోజే. మూడో టేబుల్ సోల్డరింగ్‌లో ఏ లోపమూ లేదని, తెలియకుండా కొలిచింది నేనని, అద్దం పెట్టి చూడమన్నప్పుడు చూడనిది కూడా నేనేనని చదివాను. చివర ఆమె పూర్తి పేరు చదివాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ ముక్కు తుడుచుకుంది.

ఆమె లోపలికి వచ్చి, మూడో టేబుల్ ముందు కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, గన్ను స్విచ్ వేసింది. ఇంకేదైనా అంటుందేమోనని నేను కాగితం మడుస్తూ అక్కడే నిలబడ్డాను. అది వేడెక్కేదాకా ఆగి, తల ఎత్తకుండానే అంది:

“జర పక్కకు జరుగున్రి సార్. ఎలుతురుకు అడ్డమున్నరు.”